మాత్రలు మొదలుపెట్టినప్పటి నుంచి ఊరికే ఏడుపొస్తోంది: ఇది మాత్ర వల్లా, నా మనసు వల్లా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు, ఉండేది విజయవాడ పటమటలో. ఇద్దరు పిల్లలు, చిన్నదానికి 11 నెలలు, ఇంకా పాలిస్తున్నాను. నాలుగు నెలల నుంచి గర్భం రాకుండా రోజూ మాత్ర వేసుకుంటున్నాను. రెండో నెల నుంచి కారణం లేకుండా ఏడుపు, పిల్లల మీద విపరీతమైన కోపం. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. మాత్రలు రాసిన డాక్టరు గారిని అడిగితే "దానికీ మనసుకీ సంబంధం లేదు" అన్నారు. మా ఆయన "మానెయ్, జాగ్రత్తగా ఉందాం" అంటారు. అత్తయ్య గారు "ఎలాగూ ఇద్దరు చాలు, ఆపరేషన్ చేయించేసుకో" అంటున్నారు. ఏం చెయ్యమంటారు మేడమ్?

సమాధానం:

అమ్మా, ముందు ఒక్క విషయం అడుగుతాను, దానికి మీలో మీరే నిజాయితీగా జవాబు చెప్పుకోండి. చచ్చిపోతే బాగుండును అనో, పిల్లల్ని ఏదైనా చేసేస్తానేమో అనో ఒక్కసారైనా అనిపించిందా? అనిపించి ఉంటే కింద రాసినదంతా తర్వాత చదువుకోవచ్చు. ఇవాళే ఇంట్లో ఒకరికి చెప్పి, వాళ్లను వెంటబెట్టుకుని సైకియాట్రీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. అర్ధరాత్రి అయితే 14416కి ఫోన్ చేయండి. అది ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీ మానస్ నంబరు. డబ్బులు తీసుకోరు, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు.

అలాంటిదేమీ లేదంటే నిదానంగా మాట్లాడుకుందాం.

గుంటూరులో ఇరవై ఏళ్లకు పైగా గైనకాలజిస్టుగా పనిచేస్తున్నాను. మీ ప్రశ్న నా టేబుల్ ముందు ఏదో ఒక రూపంలో ప్రతి వారం వస్తుంది. చాలామంది దాన్ని ప్రశ్నగా అడగరు కూడా. బీపీ చూపించుకుని, మందుల చీటీ తీసుకుని, తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగి "ఈ మధ్య ఊరికే కోపం వస్తోంది మేడమ్" అంటారు. అసలు వాళ్లు వచ్చింది ఆ మాట చెప్పడానికే.

"సంబంధం లేదు" అన్న మాటతో నేను ఏకీభవించను. మాత్రల ప్యాకెట్‌లో మడతపెట్టి ఉండే కాగితం విప్పి చూడండి, దుష్ప్రభావాల్లో మూడ్ మారడం, దిగులు అని ఉంటుంది. కంపెనీ వాళ్లే అచ్చు వేసిన విషయాన్ని మనం కొట్టిపారేయలేం. అలాగని "ఈ దిగులంతా మాత్ర వల్లే" అనడం కూడా తొందరపాటే. ఈ రెండు మాటల మధ్య ఉన్నది ఏమిటో మీకు అర్థం కావాలి. అప్పుడే ఎవరో చెప్పింది కాకుండా మీ నిర్ణయం మీరు తీసుకోగలుగుతారు.

డెన్మార్క్‌లో పది లక్షలకు పైగా ఆడవాళ్ల ఆరోగ్య రికార్డులు పరిశీలించి 2016లో ఒక అధ్యయనం ప్రచురించారు. అందరూ 15 నుంచి 34 ఏళ్ల మధ్యవాళ్లు. హార్మోన్ల గర్భనిరోధకాలు వాడనివాళ్లలో ఏడాదికి నూటికి 1.7 మంది మొదటిసారి డిప్రెషన్ మందులు మొదలుపెట్టారు. వాడేవాళ్లలో ఆ సంఖ్య 2.2. అంటే 200 మంది ఏడాది పాటు వాడితే, వాడనివాళ్లకంటే అదనంగా ఒక్కరికి. ఆ ఒక్కరే మీరైతే ఈ లెక్క మీకు ఓదార్పు కాదని నాకు తెలుసు. కానీ మిగతా 199 మంది సంగతి కూడా ఇందులోనే ఉంది. 15–19 ఏళ్ల పిల్లల్లో తేడా ఇంకా ఎక్కువ కనిపించింది. మొటిమలకనో పీసీఓడీకనో కాలేజీ పిల్లలకు ఈ మాత్రలు రాసేటప్పుడు తల్లిని కూర్చోబెట్టి ఈ సంగతి తప్పకుండా చెప్పడం అందుకే. బ్రిటన్‌లో రెండున్నర లక్షల మందికి పైగా ఆడవాళ్ల వివరాలతో 2023లో వచ్చిన మరో అధ్యయనంలోనూ ఇలాంటిదే తేలింది. మొదలుపెట్టిన తొలి రెండేళ్లలోనే ఈ ముప్పు ఎక్కువ.

నా దృష్టిలో మీకు బాగా పనికొచ్చేది స్వీడన్‌లో చేసిన పరీక్ష. 340 మంది ఆరోగ్యవంతులైన ఆడవాళ్లలో సగం మందికి అసలు మాత్ర, సగం మందికి మందు లేని ఉత్తి మాత్ర మూడు నెలలు ఇచ్చారు. ఎవరికి ఏది ఇచ్చారో వాళ్లకు తెలియదు. అసలు మాత్రలో ఉన్నది లెవోనార్జెస్ట్రెల్ (ప్రొజెస్టిరాన్ రకం కృత్రిమ హార్మోను) 150 మైక్రోగ్రాములు, ఎథినైల్ ఎస్ట్రడయాల్ (ఈస్ట్రోజెన్ రకం) 30 మైక్రోగ్రాములు. మన ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో ఉన్నది సరిగ్గా ఇదే. 2017లో ఫలితాలు వచ్చాయి. అసలు మాత్ర వేసుకున్నవాళ్లలో డిప్రెషన్ స్కోరు చెప్పుకోదగ్గంత పెరగలేదు. కానీ హుషారు, మనసు మన అదుపులో ఉందన్న ధీమా, మొత్తం మీద బాగున్నామన్న భావన తగ్గాయి. జబ్బు అనలేం, బాగున్నామనీ అనలేం. "ఏదో బాగోలేదు" అని మీలాంటివాళ్లు చెప్పేది ఇదే. రిపోర్టులో కనిపించలేదు కాబట్టి లేదని ఎవరన్నా నేను ఒప్పుకోను.

ఇందుకు కారణం కొంతవరకు తెలుసు. నెలనెలా మన అండాశయాలు తయారుచేసే ప్రొజెస్టిరాన్ శరీరంలో ఇంకో పదార్థంగా మారి మెదడును నెమ్మదింపజేస్తుంది. మాత్ర వేసుకుంటే అండం విడుదల ఆగిపోతుంది, సొంత ప్రొజెస్టిరాన్ తయారీ కూడా తగ్గుతుంది. దాని స్థానంలో వచ్చే కృత్రిమ హార్మోను అందరి మెదడులోనూ ఒకేలా పనిచేయదు. నెలసరికి ముందు వారం తీవ్రమైన దిగులుతో నలిగిపోయే కొందరికి డ్రోస్పిరినోన్ అనే ఇంకో రకం కృత్రిమ హార్మోను ఉన్న మాత్ర ఇస్తే తెరిపి దొరుకుతుంది. 2006లో అమెరికాలో ఒక రకం మాత్రకు ఈ సమస్య కోసమే అనుమతి ఇచ్చారు. ఒకామెకు ఊరటనిచ్చిన మాత్రే పక్కింటామెను ఏడిపించగలదు. కాబట్టి మా చెల్లి వాడింది, ఏమీ కాలేదు అన్న మాట మీ విషయంలో సాక్ష్యం కాదు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. మీ పాపకు 11 నెలలు. ప్రసవం తర్వాత వచ్చే డిప్రెషన్ మొదటి నెలల్లోనే రావాలని లేదు, ఏడాదిలో ఎప్పుడైనా మొదలవ్వొచ్చు. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే బాలింతల్లో దాదాపు 22 శాతం మందికి అది కనిపించింది. మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం మాత్ర కంటే డిప్రెషన్‌నే ఎక్కువగా గుర్తుచేస్తుంది. పాప లేచి ఏడిస్తే మెలకువ రావడం వేరు. పాప హాయిగా నిద్రపోతున్నా మీకు మెలకువ రావడం వేరు. మీది ఏదో చూసుకోండి.

చాలామంది మర్చిపోయే ఇంకొకటి థైరాయిడ్. ప్రసవం తర్వాత ఏడాదిలోపు ఇరవై మందిలో ఒకరికి థైరాయిడ్ వాపు వస్తుంది. ముందు కొన్నాళ్లు గుండెదడ, చిరాకు ఉంటాయి, తర్వాత మందకొడితనం, దిగులు. మీ లక్షణాలు, పాప వయసు దానికి కూడా సరిపోతాయి. టీఎస్‌హెచ్ పరీక్ష చేయించండి, ఖర్చు కొద్దిగానే అవుతుంది. దాంతోపాటు హిమోగ్లోబిన్ కూడా. మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఇద్దరు పిల్లల్ని కని, ఇంకా పాలిస్తూ, అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషికి నీరసమే సగం దిగులు తెస్తుంది.

ఇదంతా చదివి "అయితే నాది ఏది?" అంటారు. దాన్ని కనిపెట్టడానికి మీ దగ్గరున్నంత మంచి పరికరం నా దగ్గర కూడా లేదు. వంటింట్లో పాల లెక్క రాసుకునే క్యాలెండర్ ఉంటుంది కదా, ఆ గళ్లలోనే రాయండి. ప్రతి రాత్రి ఆ రోజు మనసు ఎలా ఉందో ఒక అంకె వేయండి. 1 అంటే ఫర్వాలేదు, 5 అంటే భరించలేకపోయాను. పక్కన ఆ రోజు వేసుకున్నది స్ట్రిప్‌లో ఎన్నో మాత్రో రాయండి. మాలా లాంటి 28 మాత్రల స్ట్రిప్‌లో మొదటి 21 హార్మోన్లు, చివరి ఏడూ ఐరన్. అంకె ఎప్పుడు పెరుగుతోందో చూడండి. ఐరన్ మాత్రల వారంలో పెరిగి మళ్లీ తగ్గితే అది హార్మోన్లు ఒక్కసారిగా తగ్గడం వల్ల. కొందరికి మధ్యలో ఖాళీ లేకుండా హార్మోను మాత్రలు వరసగా ఇస్తే అది సర్దుకుంటుంది. 21 రోజులూ ఒకేలా బాధగా ఉండి ఐరన్ వారంలో కాస్త తేలిక పడితే మాత్ర మీద అనుమానం బలపడుతుంది. ఏ వారమైనా తేడా లేకుండా రోజూ 4, 5 అంకెలే ఉంటే మాత్రను పక్కన పెట్టి డిప్రెషన్ గురించి ఆలోచించాలి. వెనకటికి కూడా గుర్తు చేసుకోండి. మాత్ర మొదలుపెట్టక ముందు నెలలో ఎలా ఉన్నారు? మొదటి కాన్పు తర్వాత ఎలా ఉన్నారు? పెళ్లికి ముందు నెలసరి దగ్గరపడితే ఎలా ఉండేది? ఆ కాగితం తీసుకొచ్చిన మనిషిని ఏ డాక్టరూ "ఊరికే ఆలోచిస్తున్నావు" అని పంపించలేరు.

మీకు నేను చెప్పేది మాత్రం రెండు నెలలు ఇలాగే భరిస్తూ రాయమని కాదు. రెండో నెల నుంచి మొదలై నాలుగో నెలకీ తగ్గలేదు కాబట్టి పద్ధతి మార్చడానికి ఇది చాలు. రాయడం మాత్రం మార్చాక కూడా ఆపకండి. మాత్ర ఆపాక రెండు మూడు నెలల్లో అంకెలు తగ్గితే దోషం దానిదే అని తేలుతుంది. తగ్గకపోతే అది కూడా విలువైన సమాచారమే.

మానడం ఎలాగో చెప్తాను. వీలైతే చేతిలో ఉన్న స్ట్రిప్‌లో హార్మోను మాత్రలు పూర్తి చేసి ఆపండి. భరించలేకపోతే మధ్యలోనే ఆపొచ్చు, కానీ గత వారం రోజుల్లో భర్తతో కలిసి ఉంటే ముందు డాక్టరుతో మాట్లాడండి, నెల తప్పే అవకాశం ఉంటుంది. ఆపిన రోజు నుంచే ఇంకో పద్ధతి మొదలవ్వాలి. మీ ఆయన అంటున్న "జాగ్రత్త"ను నమ్ముకుంటే ఏడాదిలో నూటికి దాదాపు 20 మంది నెల తప్పుతారు. కండోమ్ అయితే సుమారు 13 మంది, రోజు మాత్ర అయితే 7, గర్భసంచిలో పెట్టే కాపర్ టీ అయితే ఒక్కరి కంటే తక్కువ. దిగులుతో ఉన్న మనిషికి ప్రతి నెలా "డేట్ వస్తుందా రాదా" అన్న టెన్షన్ ఎంత నరకమో నేను చూస్తుంటాను. దిగులు తగ్గించుకోవడానికి మాత్ర మాని, అంతకంటే పెద్ద దిగులు నెత్తికెత్తుకోకూడదు. మెడికల్ షాపులో దొరికే 72 గంటల మాత్ర కూడా అప్పుడప్పుడు ఆపదకే. అందులో అదే లెవోనార్జెస్ట్రెల్ ఒక్క డోసులో 1.5 మిల్లీగ్రాములు ఉంటుంది. నెలకు రెండుసార్లు వేసుకునేవాళ్లున్నారు. హార్మోను పడట్లేదని మాత్ర మానేసి దీన్ని అలవాటు చేసుకోవడంలో అర్థం లేదు.

మీకు నా మొదటి సలహా కాపర్ టీ. అందులో ఏ హార్మోనూ లేదు. 380ఎ రకం పదేళ్లు పనిచేస్తుంది, తీసిన వెంటనే మళ్లీ గర్భం రావచ్చు, పాలివ్వడానికి అడ్డు కాదు. ఇంకో లాభం ఉంది. దిగులుగా ఉన్న మనిషి మాత్రలు మర్చిపోతుంది, ఇది మర్చిపోయే వీలు లేని పద్ధతి. మొదటి మూడు నుంచి ఆరు నెలలు నెలసరి రక్తం, నొప్పి ఎక్కువ ఉండొచ్చు. ముందే హిమోగ్లోబిన్ చూడమన్నది అందుకే. "అది పైకి పోతుంది, గుండెకి చేరుతుంది" అని మన వైపు ఒక భయం ఉంది. గర్భసంచికీ గుండెకీ మధ్య అది వెళ్లే దారి లేదు. కొందరికి జారిపోవచ్చు, వెయ్యి మందిలో ఒకరిద్దరికి గర్భసంచి గోడకు గుచ్చుకోవచ్చు. అందుకే వేసిన నెల తర్వాత ఒకసారి చూపించుకోమంటాం.

మాత్రలే సౌకర్యం అనుకుంటే ఛాయా ఉంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో తయారైన సెంట్‌క్రోమన్ అనే మందు అది. ఈస్ట్రోజెన్ గానీ ప్రొజెస్టిరాన్ రకం గానీ కాదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు రోజులు, తర్వాత వారానికి ఒకసారి. పాలిచ్చే తల్లులు వాడొచ్చు. నెలసరి ఆలస్యం అవడం దీని అలవాటు, దానికి కంగారు పడకూడదు. మీ దగ్గరలోని ఏఎన్‌ఎం దగ్గర, ఆశా దగ్గర ఉచితంగానే దొరుకుతుంది.

మూడు నెలల ఇంజెక్షన్ అంతర. చాలామందికి ఎంతో బాగా పనిచేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిబంధనల్లో డిప్రెషన్ ఉన్నవాళ్లకు ఏ హార్మోను పద్ధతీ నిషేధం కాదు, ఇది కూడా. అయినా ఇప్పుడు మీరున్న స్థితిలో నేను రాయను. కారణం ఒక్కటే, మాత్ర పడకపోతే రేపు ఆపొచ్చు, చేయించుకున్న ఇంజెక్షన్‌ను వెనక్కి తీయలేం. మూడు నెలలు ఆగాల్సిందే. హార్మోను ఉన్న లూప్ విషయంలోనూ, "అది గర్భసంచిలోనే ఉంటుంది" అంటారు గానీ కొంత రక్తంలోకి వెళ్తుంది. ముందు మీ మనసు కుదుటపడనివ్వండి.

ఇక ఆపరేషన్. మీ అత్తగారు చెడ్డ ఉద్దేశంతో అనడం లేదు, వాళ్ల తరానికి తెలిసిన దారి అదే. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది పిల్లల ఆపరేషన్ మీదే ఆధారపడ్డారు. దేశంలో అది 38 శాతం. మగవాళ్ల ఆపరేషన్ మన దగ్గర అర శాతం కూడా లేదు. దీనివల్ల ఒక ఇబ్బంది వచ్చిపడింది. సీమంతం నుంచి చంటిపిల్ల కడుపునొప్పి దాకా అన్నిటికీ ఇంట్లో పెద్దావిడ సలహా దొరుకుతుంది. మాత్ర వేసుకుంటే మనసు ఎలా ఉంటుందో చెప్పడానికి మాత్రం మాత్ర వాడిన అమ్మ గానీ అత్త గానీ ఉండదు. మీ తరం ఆడపిల్లలు ఈ సంగతిలో ఒంటరిగా ఉన్నారు. నేను ఇంత పొడుగ్గా రాయడానికి కారణం కూడా అదే.

ఆపరేషన్‌లో ట్యూబులు మాత్రమే మూస్తారు, అండాశయాలు మామూలుగానే పనిచేస్తాయి. దానివల్ల హార్మోన్లు మారవు. కాబట్టి అది దిగులు తేదు, ఉన్న దిగులును తీసేయదు కూడా. ప్రభుత్వ నిబంధనల ప్రకారం మీరు అర్హులు కావచ్చు. కానీ 30 ఏళ్లలోపు చేయించుకున్నవాళ్లలో తర్వాత బాధపడేవాళ్లు ఎక్కువ. అదీగాక మనసు బాగాలేనప్పుడు ఇక మార్చుకోలేని నిర్ణయం తీసుకోకూడదు. "డాక్టరు గారు ఆర్నెల్లు ఆగమన్నారు అత్తయ్యా" అని నా మీద పెట్టి చెప్పండి. ఆ తర్వాత కూడా ఇద్దరే చాలు అనుకుంటే మీ ఆయనతో వ్యాసెక్టమీ, అంటే మగవాళ్ల ఆపరేషన్ గురించి మాట్లాడండి. కోత, కుట్లు లేకుండా చేస్తారు, అదే రోజు ఇంటికి రావచ్చు, ఆడవాళ్ల ఆపరేషన్ కంటే చాలా చిన్నది. మూడు నెలల పాటు కండోమ్ వాడి, పరీక్షలో బీజకణాలు లేవని తేలాక దాన్ని నమ్ముకోవచ్చు. మీరు చేయించుకున్నా, ఆయన చేయించుకున్నా ఆపరేషన్ చేయించుకునే మనిషి సంతకమే సరిపోతుంది, రెండోవాళ్ల అనుమతి నిబంధనలు అడగవు.

సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాల్సి వస్తే మందులు వాడటానికి భయపడొద్దు. పాలిచ్చే తల్లులకు ఎక్కువగా రాసే సెర్ట్రాలిన్ పాలలోకి చాలా తక్కువగా వెళ్తుంది. కానీ ఏ గర్భనిరోధకం వాడుతున్నారో ఆయనకు చెప్పండి, ఏ మానసిక మందులు వాడుతున్నారో గైనకాలజిస్టుకు చెప్పండి. ఇది మొక్కుబడి మాట కాదు. ఫిట్స్‌కీ, బైపోలార్‌కీ ఇచ్చే లామోట్రిజిన్ స్థాయిని ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు తగ్గించేస్తాయి. ఎన్నో ఏళ్లుగా ఫిట్స్ లేని ఒకామె, మాత్ర మొదలుపెట్టిన కొద్ది వారాలకు స్నానాల గదిలో పడిపోయి తలకు కుట్లతో నా దగ్గరికొచ్చింది. రెండు చీటీలూ రెండు వేరు కవర్లలో ఉన్నాయి, ఎవరూ పక్కపక్కన పెట్టి చూడలేదు. కార్బమజెపిన్ అయితే తిరగబడి మాత్ర బలాన్నే తగ్గిస్తుంది, టీబీకి వాడే రిఫాంపిసిన్ కూడా అంతే. వాల్‌ప్రోయేట్ వాడే స్త్రీ గర్భం దాలిస్తే బిడ్డకు లోపాలు వచ్చే ప్రమాదం ఎక్కువ, ఆమెకు గట్టి గర్భనిరోధకం ఉండి తీరాలి. కాబట్టి చీటీలన్నీ ఒకే కవర్లో పెట్టుకుని వెళ్లండి.

ఎక్కడికి వెళ్లాలంటే, విజయవాడ, గుంటూరు రెండు ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లోనూ సైకియాట్రీ ఓపీ ఉంది, గైనిక్ ఓపీ ఉంది. ప్రైవేటుకు వెళ్లే స్తోమత ఉంటే సూర్యారావుపేటలో డాక్టర్లకు కొదవ లేదు. ఎక్కడికి వెళ్లినా లోపలికి వెళ్లగానే మొదటి మాటగా ఇలా చెప్పండి: "నాలుగు నెలల కింద మాత్ర మొదలుపెట్టాను, రెండో నెల నుంచి ఏడుపు, పిల్లల మీద విపరీతమైన కోపం, తెల్లవారుజామున మెలకువ. హార్మోను లేని పద్ధతి కావాలి, డిప్రెషన్ ఉందేమో చూడాలి." తలుపు దగ్గర ఆగి చెప్పకండి.

మీ ఆయన ఇది చదువుతుంటే ఆయనకో మాట. బాబూ, ఆమె కోపం మీ మీద కాదు. రాత్రి పాపను మీరు ఒక పూట చూసుకుని ఆమెను వరసగా ఐదారు గంటలు పడుకోనివ్వండి. డాక్టరు దగ్గరికి మీరూ వెళ్లండి, బయట బండి మీద కూర్చోకుండా లోపలికి వెళ్లండి.

మీరు వాడుతున్న మాత్ర పేరు రాయలేదమ్మా. ప్యాకెట్ వెనక ఉన్న పేరు, రెండు మందుల మోతాదు, టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్ రిపోర్టులు వచ్చాక ఇక్కడే రాయండి. మైగ్రేన్ గానీ, బీపీ గానీ, కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర గానీ మీకు లేదా మీ పుట్టింట్లో ఎవరికైనా ఉంటే అది కూడా రాయండి. చూసి చెప్తాను.